ఎన్నికల గొడవలు: విశాఖలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఎన్నికలొస్తే నాకు సెక్టార్ అధికారి డ్యూటీ పడుతుంది. నా కింద పది, పన్నెండు పోలింగ్ కేంద్రాలుంటాయి. వీధి వీధి తిరిగి, ఎవరికి ఎవరి వల్ల భయం ఉందో ముందే కనుక్కుని రాసుకోవడం అందులో ముఖ్యమైన పని. అలా తిరిగేటప్పుడు తరచూ వినే మాటలివి.

అపోహ: పోలింగ్ అయిపోతే గండం గడిచినట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. 2024లో మన రాష్ట్రంలో మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. మాచర్ల, తాడిపత్రి, చంద్రగిరి గొడవలు పోలింగ్ రోజుతో ఆగలేదు. ఎన్నికల సంఘం సీఎస్‌ను, డీజీపీని ఢిల్లీ పిలిపించింది. పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది. లెక్కింపు తర్వాత కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను ఇక్కడే ఉంచమంది. కెన్యాలో 2007 డిసెంబర్ 27న పోలింగ్ జరిగింది. ఫలితం ప్రకటించాక చెలరేగిన హింసలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇళ్లు వదిలిపోయారు.

ఓటు వేసేదాకా రెండు వైపులా గెలుస్తామన్న ఆశ ఉంటుంది. ఆ తర్వాత మిగిలేవి అనుమానం, ఓడితే మనల్ని బతకనివ్వరేమోనన్న భయం. అందుకే బూత్‌లో కూర్చునే ప్రతి పార్టీ ఏజెంటుకూ ఫారం 17సీ, అంటే ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క కాగితం, నకలు చేతికిచ్చి పంపాలని నేను పట్టుబడతాను. ఆ లెక్క తన దగ్గరే ఉంటే, యంత్రాలు మార్చేశారన్న పుకారు వచ్చినప్పుడు చూపించడానికి అతని చేతిలో ఒక కాగితం ఉంటుంది.

అపోహ: వైజాగ్‌లో అలాంటివి జరగవు.

పెట్రోలు సీసాలు మన దగ్గర ఎగరకపోవచ్చు. కానీ గాజువాకలోనో, ఆరిలోవ కొండవాలు ఇళ్ల మధ్యనో "మాకు వెయ్యకపోతే మీ వీధికి నీళ్లెలా వస్తాయో చూస్తాం" అని ఒకడు అంటే, అదీ హింసే. ఆ మాట విన్న ఇంట్లో ఆడవాళ్లు ఓటుకు రారు. ఏ కేసూ నమోదు కాదు. మా రిపోర్టులో మాత్రం ఆ వీధి పేరు ఎక్కాలి.

అపోహ: జనం కోపమే గొడవలకు కారణం.

కోపం అందరికీ ఉంటుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పార్టీలవాళ్లై మాట్లాడుకోవడం మానేసినా కొట్టుకోరు. కొట్టడానికి పురమాయించేవాడు కావాలి, ఖర్చు పెట్టేవాడు కావాలి, "కేసు మేం చూసుకుంటాం" అనే నాయకుడు కావాలి. పాత నేరస్తులను బైండోవర్ చేసేది (గొడవ చేయమని ముందే పూచీ రాయించుకునేది), లైసెన్సు తుపాకులు డిపాజిట్ చేయించేది అందుకే. నాయకుడు గట్టిగా వద్దంటే సగం టెన్షన్ ఆ సాయంత్రానికే తగ్గుతుంది.

అపోహ: బూత్ పట్టుకుంటే నిమిషాల్లో వందల ఓట్లు గుద్దేయొచ్చు.

కుదరదు. ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు. ఈలోగా బూత్ బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారి క్లోజ్ బటన్ నొక్కితే అంతే, ఇక ఓటు పడదు.

అపోహ: గొడవ వీడియో అందరికీ పంపితే జనాన్ని అప్రమత్తం చేసినట్టే.

పక్కింటి తగాదా కూడా వాట్సాప్‌లో రెండు గంటల్లో పార్టీల యుద్ధమైపోతుంది. పాత వీడియోకు కొత్త ఊరి పేరు తగిలిస్తే ఇంకా ఘోరం. కోడ్ అమల్లో ఉండగా మీ కళ్లెదుట డబ్బు పంపిణీయో బెదిరింపో జరిగితే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్‌లోని సీవిజిల్‌లో అక్కడికక్కడే ఫొటో తీసి పంపండి. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది నిబంధన. దెబ్బలాట మొదలైతే మాత్రం యాప్ వెతుక్కోకుండా 112కి ఫోన్ చేయండి.