రొయ్య పెంకుతో పొగకి పని

నెల్లూరు నుంచి ముత్తుకూరు వైపు వెళ్తుంటే నేలటూరు థర్మల్ కేంద్రం చిమ్నీలు ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. అక్కడివి 800 మెగావాట్ల యూనిట్లు. బొగ్గుతో ఒక కిలోవాట్ అవర్ కరెంటు తీస్తే ఇంచుమించు 0.9 కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, పూర్తి లోడ్ మీద నడిచే అలాంటి ఒక్క యూనిట్ గంటకి 700 టన్నుల దాకా వదులుతుంది. అదే దారిలో రొయ్యల చెరువులూ ఉంటాయి. ఆ పొగకీ ఈ రొయ్యకీ కెమిస్ట్రీలో ఒక చుట్టరికం ఉంది. అది మన జిల్లా పిల్లలకి తెలియాలని నా కోరిక.

కార్బన్ డయాక్సైడ్ దేనితోనూ ఒక పట్టాన కలవదు. కాలడం అంతా అయిపోయాక మిగిలిన బూడిద లాంటిది, ఇంక ఇవ్వడానికి దాని దగ్గర శక్తి లేదు. అందుకే దానితో కలిసే రెండోదానికే ఆ ఊపు ఉండాలి. యూరియా సంగతి చూడండి, అమ్మోనియాని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపే చేస్తారు, 45 కిలోల బస్తాకి 33 కిలోల వాయువు పడుతుంది. కానీ పొలంలో చల్లగానే అది మళ్లీ గాలిలోకే పోతుంది.

అలాంటి ఊపు ఉన్నవాటిలో ఎపాక్సైడ్లు ఇంకో రకం. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన మూడు మూలల వలయం, వంచి కట్టిన వెదురుబద్దలా ఎప్పుడు విడిపోదామా అని చూస్తుంటుంది. ఆ కట్టు విప్పేది బ్రోమైడ్ అయాన్. అది ఒక కార్బన్‌కి పట్టుకోగానే వలయం తెరుచుకుంటుంది, ఒంటరిగా మిగిలిన ఆక్సిజన్ వెళ్లి కార్బన్ డయాక్సైడ్‌ని అందుకుంటుంది, ఆ తోక తిరిగొచ్చి ఐదు మూలల వలయంగా మూసుకుంటుంది, బ్రోమైడ్ బయటపడి ఇంకో అణువు దగ్గరికి పోతుంది. వచ్చిన సరుకు పేరు సైక్లిక్ కార్బనేట్. ఇథిలీన్ ఆక్సైడ్‌తో చేస్తే ఇథిలీన్ కార్బనేట్ వస్తుంది, మీ ఫోన్ బ్యాటరీలోని ద్రవంలో ఉండేది అదే. 88 కిలోల ఇథిలీన్ కార్బనేట్‌లో 44 కిలోలు అచ్చంగా ఆ వాయువే, ఒక్క పరమాణువు కూడా వృథా పోదు.

ఈ పనికి కోబాల్ట్, క్రోమియం, జింక్ లాంటి లోహాలతో చేసిన ఉత్ప్రేరకాలు (తాము ఖర్చు కాకుండా చర్యని వేగం చేసేవి) బాగానే పనిచేస్తాయి. అయితే కొన్ని లోహాలు విషం, వాటి జాడ సరుకులో మిగిలితే మళ్లీ శుద్ధి ఖర్చు. లోహం లేని అమ్మోనియం బ్రోమైడ్ లవణాలు చవకే, కానీ ద్రవంలో కరిగిపోతే వేరుచేయడం ఒక తలనొప్పి. ఆ లవణాన్ని ఏదైనా ఘనపదార్థానికి అతికిస్తే పని అయ్యాక వడకట్టి, కడిగి, మళ్లీ వాడుకోవచ్చు.

రొయ్య పనికొచ్చేది ఇక్కడే. ఇంట్లో రొయ్యలు ఒలిచేటప్పుడు ఒక పెంకు వెలుతురుకి పట్టి చూడండి, అవతలి వేలు కనిపించేంత పలచన, అయినా గట్టిగా గుచ్చుకుంటుంది. అందులో సున్నం, ప్రోటీన్‌తో పాటు కైటిన్ అనే పొడవాటి గొలుసు పదార్థం ఉంటుంది. దాన్ని ఘాటైన క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ అవుతుంది. దాని ఒళ్లంతా అమైన్ (నైట్రోజన్ ఉన్నవి), హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జతలు) గుంపులే. అమైన్‌ని అమ్మోనియం లవణంగా మార్చి దానికి బ్రోమైడ్‌ని జతచేస్తారు. పక్కనున్న హైడ్రాక్సిల్ ఎపాక్సైడ్ ఆక్సిజన్‌ని హైడ్రోజన్ బంధంతో కాస్త లాగి పట్టుకుంటుంది, కట్టు విప్పడం ఇంకా సులువవుతుంది. ఒకే గొలుసు మీద రెండు చేతులన్నమాట! ఇలాంటి కైటోసాన్ ఉత్ప్రేరకాలు చాలా ల్యాబుల్లో చేశారు, వడకట్టి మళ్లీ మళ్లీ వాడి చూశారు. వాడేకొద్దీ బ్రోమైడ్ కొంత కొంత జారిపోవడం ఈ రకం ఉత్ప్రేరకాలకి పెద్ద చిక్కు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ఈ పనికి మామూలుగా 100 డిగ్రీలు దాటిన వేడీ, గాలి పీడనానికి పదీ ఇరవై రెట్ల ఒత్తిడీ కావాలి. పైగా మామూలు ఎపాక్సైడ్లు వచ్చేది పెట్రోలియం నుంచే. దానికి బదులు పొదలకూరు మార్కెట్‌కి వచ్చే నిమ్మకాయ తొక్కలోని లిమోనీన్ అనే వాసన నూనెని ఎపాక్సైడ్‌గా మార్చవచ్చు. 2012లో జర్మనీ పరిశోధకులు అలా చేసిన లిమోనీన్ డయాక్సైడ్‌కి కార్బన్ డయాక్సైడ్ పట్టించి, దాన్నుంచి విషపు ఐసోసైనేట్లు లేకుండా పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ చేశారు. వేగం తక్కువే, ఎందుకంటే ఆ వలయం దగ్గర ఇరుకు ఎక్కువ.

ఇవన్నీ పెట్టినా నేలటూరు చిమ్నీ ఖాళీ కాదు, ప్రపంచం మొత్తం మీద బొగ్గు, చమురు, గ్యాస్ ఏటా 3,500 కోట్ల టన్నులకి పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయి. కానీ బ్యాటరీకీ ప్లాస్టిక్‌కీ కార్బన్ ఎలాగూ కావాలి కదా, అది పొగలోంచి తీసుకుంటే ఆ మేరకు చమురు మిగులుతుంది.

నెల్లూరు, ఒంగోలు డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పేవాళ్లకి ఒక మాట. కైటోసాన్ తీయడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్, కాస్టిక్ సోడా, వేడి, జాగ్రత్త చాలు. తయారైందో లేదో తెలుసుకోవడం కూడా తేలికే: చిటికెడు తీసి వెనిగర్‌లో వేసి కలపండి, కైటిన్ అయితే అడుగున అలాగే ఉండిపోతుంది, కైటోసాన్ అయితే కరిగి గంజిలా చిక్కబడుతుంది.