యూనివర్సిటీ బాస్కెట్‌బాల్: మా కోర్టు దగ్గర రోజూ వినే అపోహలు

యూనివర్సిటీ పురుషుల, మహిళల బాస్కెట్‌బాల్ జట్లు రెండింటికీ పదహారేళ్లుగా క్యాంపులు నడుపుతున్నాను. సెలెక్షన్స్ దగ్గర పడితే చాలు, పిల్లలు, తల్లిదండ్రులు, ఒక్కోసారి కాలేజీల పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు) కూడా ఇవే మాటలు అంటారు.

అపోహ: అమ్మాయిల ఆట తేలిక, రూల్స్ కూడా వేరు.

మన ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో జరుగుతాయి. రింగ్ ఎత్తు ఇద్దరికీ 3.05 మీటర్లే. త్రీ పాయింట్ లైన్ (దాని బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు) దూరం 6.75 మీటర్లే. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, 24 సెకన్ల షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక ఆలోపు షాట్ వేయాలి), ఐదు ఫౌల్స్ చేస్తే బయటికి. వీటిలో దేనికీ మినహాయింపు లేదు. తేడా బంతిలోనే: అబ్బాయిలకు 7వ సైజు, అమ్మాయిలకు 6వ సైజు.

ఆ ఒక్క తేడానే చాలాచోట్ల పట్టించుకోరు. స్టోర్‌రూమ్‌లో 7వ సైజు బంతులు ఉన్నాయి కదా అని అమ్మాయిలకూ అవే ఇస్తారు. నేను ఆడే రోజుల్లో మేమూ ఏడాదంతా పెద్ద బంతితోనే ప్రాక్టీస్ చేశాం. సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీల మొదటి మ్యాచ్‌లో 6వ సైజు బంతి చేతికొచ్చింది. వేసిన ఫ్రీ త్రోలన్నీ రింగ్ మీదుగా వెళ్లి బోర్డుకు కొట్టుకున్నాయి. చేతులు దానికి అలవాటు పడేసరికి మ్యాచ్ చేజారిపోయింది. ఆ రోజు బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. ఇప్పుడు క్యాంప్ మొదలవ్వకముందే బంతులు నేనే లెక్క చూసుకుంటాను.

అపోహ: ఆఖరి క్వార్టర్‌కి అమ్మాయిలు డీలా పడిపోతారు, ఒంట్లో సత్తువ ఉండదు.

మా జట్టులో ఒక గార్డు (బంతిని ముందుకు తీసుకెళ్లే ఆటగత్తె) ఉండేది, బంతి మీద మంచి పట్టున్న పిల్ల. డిఫెన్స్‌కి వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం కాళ్లు ఈడ్చేది. తిట్టబోయి ఆగి, రక్త పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 8.9 మాత్రమే ఉంది. డాక్టర్ రాసిన ఐరన్ మందులతో కొన్ని నెలల్లో అదే అమ్మాయి నాలుగో క్వార్టర్‌లోనూ ఫాస్ట్ బ్రేక్‌కి (బంతి దొరకగానే చేసే మెరుపు దాడికి) అందరికంటే ముందు పరుగెత్తింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పురుషుల్లో 25 శాతం. అందుకే రెండు జట్లకూ పరీక్ష చేయిస్తాం. ఇక పీరియడ్స్‌లో ఆడకూడదనే మాట కూడా నిజం కాదు. నొప్పి ఎక్కువగా ఉంటే విశ్రాంతి తీసుకోవాలి, లేకపోతే ఆడొచ్చు. ఆ నిర్ణయం ఆ అమ్మాయిదే.

అపోహ: మోకాలి గాయం ఎవరో గుద్దితే అవుతుంది, అదృష్టం బాగుంటే తప్పించుకుంటాం.

ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) తెగే సందర్భాల్లో ఎక్కువ శాతం ఎవరూ తగలకుండానే జరుగుతాయి. రీబౌండ్‌కి (రింగ్‌కి తగిలి తిరిగొచ్చే బంతికి) ఎగిరి కిందికి దిగేటప్పుడో, పరుగులో ఒక్కసారిగా ఆగి తిరిగేటప్పుడో మోకాలు లోపలికి వంగుతుంది, అంతే. ఈ ముప్పు అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువని పరిశోధనలు పదే పదే చూపించాయి. ఆనందించాల్సిన విషయం ఏంటంటే, దిగడం నేర్పితే ఈ గాయాలు తగ్గుతాయి. మా దగ్గర వార్మప్‌లో పిల్లలు ఎగిరి దిగుతుంటే నేను వాళ్లకు వీపు పెట్టి నిలబడతాను. చప్పుడు వింటే చాలు. ధబ్‌మని వినిపిస్తే మోకాళ్లు బిగుసుకున్నట్టే. "మళ్లీ దిగు, పిల్లిలా దిగు" అంటాను. చప్పుడు తగ్గాక ఎదురుగా వచ్చి, మోకాళ్లు పాదాల వేళ్ల వైపు ఉన్నాయో లేదో చూస్తాను. అబ్బాయిలకూ ఇదే వార్మప్. వాళ్లే ఎక్కువ విసుక్కుంటారు.

అపోహ: బాస్కెట్‌బాల్ ఆడితే పొడవు పెరుగుతారు.

పెరగరు. పొడవున్నవాళ్లు ఈ ఆటలో ఎక్కువగా ఎంపికవుతారు కాబట్టి అలా కనిపిస్తుంది.

అపోహ: ఇది అబ్బాయిల ఆట, అమ్మాయిల మ్యాచ్ ఎవరు చూస్తారు?

1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆట పుట్టింది. 1893 మార్చిలోనే అక్కడి మహిళల కాలేజీ స్మిత్‌లో వ్యాయామ ఉపాధ్యాయురాలు సెండా బెరెన్సన్ అమ్మాయిల మ్యాచ్ పెట్టించారు. 2024లో అక్కడి యూనివర్సిటీల మహిళల ఫైనల్‌ను టీవీలో సగటున సుమారు 1.89 కోట్ల మంది చూస్తే, పురుషుల ఫైనల్‌ను చూసింది సుమారు 1.48 కోట్ల మంది. మన దగ్గర మాత్రం అమ్మాయిల మ్యాచ్ మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, అబ్బాయిల ఫైనల్ సాయంత్రం లైట్ల కింద పెట్టి, జనం రాలేదంటారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇప్పుడు మా ఇంటర్ కాలేజియేట్‌లో (కాలేజీల మధ్య పోటీల్లో) రెండు ఫైనల్స్ ఒకే సాయంత్రం, వెంటవెంటనే పెడుతున్నాం. మొదటిది అమ్మాయిలది. స్టాండ్స్ నిండుతున్నాయి.

అపోహ: యూనివర్సిటీ జట్టులోకి క్యాంపస్ విద్యార్థులనే తీసుకుంటారు.

అనుబంధ కాలేజీలో చదివేవాళ్లకూ అవకాశం ఉంది. ఇంటర్ కాలేజియేట్‌లో మీ కాలేజీ తరఫున ఆడండి. జట్టు చేసేంతమంది లేకపోతే ట్రయల్స్‌కి ఎలా రావాలో మీ పీడీని అడగండి. మా దగ్గర ట్రయల్స్‌లో వడపోత అయ్యాక క్యాంప్ ఉంటుంది, అందులోంచి పన్నెండు మందిని ఎంపిక చేస్తాం. వచ్చేటప్పుడు బోనఫైడ్, టెన్త్, ఇంటర్ మెమోలు, పట్టున్న షూస్ తెచ్చుకోండి. ఎడమచేత్తో లే-అప్ (రింగ్ దగ్గరికి పరుగెత్తి వేసే షాట్) వేయమని తప్పకుండా అడుగుతాను.