కుక్కర్ గ్యాస్కెట్‌లో కార్బన్ ముడి

కుక్కర్ మూతలోంచి గ్యాస్కెట్ లాగి వేలితో నొక్కి చూడండి. కొత్తదైతే వదలగానే మళ్లీ ఉబ్బుతుంది. ఏడాది వాడిన దాని మీద మూత అంచు గుర్తు అలాగే పడిపోయి ఉంటుంది. ఇక పక్కనుంచి ఆవిరి పోతుంది, విజిల్ రాదు.

పచ్చి రబ్బరు ఉడికిన సేమ్యా లాంటిది. లాగితే పొడవాటి గొలుసులు ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. అక్కడక్కడ ముడివేస్తేనే సాగి వెనక్కి వస్తాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ ఆ ముడి గంధకంతో వేశాడు, టైర్లకు ఇప్పటికీ అదే పద్ధతి. అయితే వేడికి గంధకపు ముడి విడిపోయి పక్కన మరోచోట పడుతుంది. నొక్కి ఉంచిన రబ్బరులో ముళ్లు ఇలా చోటు మారితే, నొక్కిన ఆకారమే దానికి స్థిరపడిపోతుంది.

1915లో రష్యన్ రసాయనవేత్త ఇవాన్ ఓస్ట్రోమిస్లెన్‌స్కీ గంధకం లేకుండా, బెంజాయిల్ పెరాక్సైడ్‌తో ఈ పని చేశాడు. పెరాక్సైడ్ అణువు నడుమ రెండు ఆక్సిజన్లు చేయి కలిపి ఉంటాయి. ఆ పట్టు చాలా బలహీనం, మోల్‌కు సుమారు 150 కిలోజౌళ్లతో తెగిపోతుంది. తెగిన ముక్క రబ్బరు గొలుసు నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. అది పోగొట్టుకున్న కార్బన్ ఊరికే ఉండలేదు. పక్క గొలుసులో తనలాంటిదే కనబడితే నేరుగా పట్టేసుకుంటుంది. ఈ కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచాలంటే 350 కిలోజౌళ్ల దాకా కావాలి. అందుకే వేడిలో చాలాకాలం నొక్కి ఉంచినా ముడి కదలదు. నాకు ఈ రసాయనంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

గంధకానికి గొలుసులో జంట బంధాలు, అంటే రెండు కార్బన్లు రెండు చేతులతో పట్టుకున్న చోట్లు, కావాలి. పెరాక్సైడ్‌కు ఆ పట్టింపు లేదు కాబట్టే సిలికాన్ రబ్బరుకూ పనికొస్తుంది. ట్యూబులకు వాడే బ్యూటైల్ రబ్బరుతో మాత్రం కుదరదు, అక్కడ గొలుసునే తెంచేస్తుంది.

ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడేది డైక్యుమైల్ పెరాక్సైడ్. 175 డిగ్రీల దగ్గర నిమిషంలో సగం ఖర్చయిపోతుంది. ఆ సమయంలో గాలి తగిలితే ఆక్సిజన్ అడ్డుపడి రబ్బరు పైపొర జిగటగా మిగులుతుంది. అందుకే మూసిన అచ్చులో, ప్రెస్ కింద పెడతారు. తెరవగానే తియ్యటి ఘాటు వాసన వస్తుంది. అది పెరాక్సైడ్ తెగగా మిగిలిన అసిటోఫినోన్.

డైక్యుమైల్ మామూలు గదిలో నిలవుంటుంది గానీ, కొన్ని పెరాక్సైడ్లను ఎప్పుడూ చల్లగానే ఉంచాలి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వరదకు అమెరికాలో, టెక్సస్‌లోని క్రాస్బీ దగ్గర ఒక రసాయన ప్లాంటుకు కరెంటు పోయింది. జనరేటర్లూ మునిగాయి. శీతలీకరణ ఆగిన ట్రైలర్లలో పెరాక్సైడ్ తనంతట తానే వేడెక్కి అంటుకుంది. చుట్టూ రెండున్నర కిలోమీటర్ల మేర జనాన్ని అప్పటికే ఖాళీ చేయించారు.