"కావాలనే చెత్తగా తీద్దాం సార్": షార్క్ సినిమాలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఎడిటింగ్, వీఎఫ్ఎక్స్ నేర్పించడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు వచ్చి ఇదే మాట అంటారు: "సార్, నేనూ షార్క్‌నాడో సినిమా లాంటిది తీస్తా. కావాలనే చెత్తగా తీద్దాం, జనం నవ్వుకుంటారు, వైరల్ అయిపోతుంది." పోయిన నెలలో మళ్లీ విన్నాను. ఇక రాయక తప్పలేదు.

అపోహ: చెత్తగా ఉండటమే ఆ సినిమాల బలం.

వాస్తవం: కానే కాదు. ఈ ఒక్క మాట నమ్మి మా పిల్లలు పోగొట్టుకున్నంత డబ్బు ఇంకే తప్పు వల్లా పోగొట్టుకోలేదు.

షార్క్‌నాడో కథేమిటి? సుడిగాలి సముద్రంలోని షార్కులను ఎత్తుకొచ్చి లాస్ ఏంజెలెస్ మీద పడేస్తుంది. హీరో చెట్లు కోసే రంపం మిషన్ పట్టుకుని షార్క్ నోట్లోకి దూకి, దాని పొట్ట కోసుకుని బయటికొస్తాడు. గ్రాఫిక్స్ చూడగానే దొరికిపోతాయి. కానీ హీరో వేషం వేసిన ఇయాన్ జీరింగ్ ముఖం గమనించండి. 'ఇదంతా తమాషాలే' అన్నట్టు మన వైపు కన్ను గీటడు. తన పిల్లల్ని కాపాడుకోవాలి, అదొక్కటే అతని ధ్యాస. అతను అంత గట్టిగా నమ్మబట్టే మనం పగలబడి నవ్వుతూ కూడా చివరిదాకా కూర్చుంటాం. నటుడే ముందు నవ్వేస్తే మనకేం మిగులుతుంది?

మన చిత్తూరు వైపు వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడేటప్పుడు, దుర్యోధన వధ రోజున, మైదానంలో మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. అది మట్టి అని చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా భీముడి వేషధారి గద ఎత్తేసరికి ఒళ్లు జలదరిస్తుంది. మా నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించేవాడు. అది బొమ్మరా అని ఆయనెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. భీముడి కోపం నిజం, మాకు అది చాలు. భక్తి వేరు, షార్క్ సినిమా వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టడం లేదు. బొమ్మ ఎలా ఉన్నా, వేషం వేసినవాడి నమ్మకమే చూసేవాణ్ణి పట్టి కూర్చోబెడుతుందని మాత్రం అక్కడే నేర్చుకున్నాను.

మూడేళ్ల కిందట పలమనేరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టి అరవై వేలు తెచ్చి షార్ట్ ఫిల్మ్ తీశాడు. ఊరి చెరువులోకి షార్క్ వస్తుంది, అదీ కథ. నటించిన వాళ్లంతా అతి చేస్తూ, డైలాగ్ అవగానే కెమెరా వైపు చూసి నవ్వుతూ ఉన్నారు. పన్నెండు నిమిషాలు క్లాసులో వేశాం. ఒక్కరూ నవ్వలేదు. ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసింది: "సార్, వాడు అన్నం ముట్టలేదు."

నాలుగు రాత్రులు కూర్చుని మళ్లీ కట్ చేశాం. కెమెరా వైపు నవ్విన ముక్కలన్నీ తీసేశాం. షార్క్ కోసం చేసిన థర్మాకోల్ రెక్కను మాత్రం అలాగే ఉంచాం. గట్టు మీద బట్టలుతికే ఆవిడ, షాట్ అయిపోయిందనుకుని ఊరికే నీళ్ల వైపు చూసిన నాలుగు సెకన్లు రషెస్‌లో, అంటే కట్ చేయని ఫుటేజ్‌లో, దొరికాయి. ముందు ఆ చూపు, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత రెక్క. మొత్తం ఏడు నిమిషాలకు వచ్చింది. ఈసారి క్లాసంతా కెవ్వుమంది, వెంటనే పడీపడీ నవ్వింది. వైరల్ మాత్రం కాలేదు. గాజులు విడిపించడానికి ఆ అబ్బాయి ఏడాదిన్నర పెళ్లి వీడియోలు ఎడిట్ చేశాడు.

గ్రాఫిక్స్‌కు డబ్బుల్లేవని దిగులుపడే పిల్లలూ, టెన్షన్ పడకండి. 1975లో విడుదలైన షార్క్ సినిమా 'జాస్' తీస్తున్నప్పుడు మెకానికల్ షార్క్ ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించింది. 55 రోజుల షూటింగ్ 159 రోజులైంది. దర్శకుడు స్పీల్‌బర్గ్ షార్క్‌ను చాలాసేపు చూపించకుండా, నీళ్ల మీద తేలే పసుపు పీపాలతో, జాన్ విలియమ్స్ సంగీతంతో భయపెట్టాడు. మీ దగ్గరా నీళ్లున్నాయి, శబ్దం ఉంది.

అపోహ: నల్లడబ్బు తెల్లగా చేసుకోవడానికే ఇలాంటివి తీస్తారు.

వాస్తవం: ఈ పుకారు విని విని విసుగొచ్చింది. షార్క్‌నాడో తీసింది 'ది అసైలమ్' సంస్థ, ప్రసారం చేసింది అమెరికా టీవీ చానెల్ సైఫై. తక్కువ ఖర్చు, తక్కువ రోజులు, వేయడానికి చానెల్ సిద్ధం. మామూలు వ్యాపారమే. 2018 దాకా ఆరు భాగాలొచ్చాయి.

అపోహ: బుర్రలేని వాళ్లే చూస్తారు.

వాస్తవం: షార్క్‌నాడోను 2013 జూలై 11న టీవీలో మొదటిసారి వేసినప్పుడు చూసింది దాదాపు 14 లక్షల మంది. ట్విటర్‌లో ఒకటే గోల. అదే నెలలో మూడోసారి వేస్తే 20 లక్షలు దాటారు. కథ తెలిశాక జనం పెరిగారంటే, నలుగురితో కలిసి అరవడానికి వచ్చినట్టే. అందులో బుర్ర తక్కువతనం ఏముంది?

అపోహ: షార్కులు మనుషుల కోసం కాచుకుని ఉంటాయి.

వాస్తవం: మనం రెచ్చగొట్టకుండా షార్కులు కరిచే ఘటనలు ప్రపంచమంతటా కలిపి ఏడాదికి 60, 70 ఉంటాయి. 'జాస్' నవల రాసిన పీటర్ బెంచ్లీయే తర్వాత షార్కుల రక్షణ కోసం పనిచేశాడు. ఇలాంటి సినిమా చూశాక పిల్లల్ని తూపిలిపాళెం బీచ్‌కు పంపాలంటే భయమేస్తోందని ఒక తల్లి నాతో అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అమ్మా, అక్కడ జాగ్రత్తపడాల్సింది అలల దగ్గర. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి.