మాట వినకూడదని కూడా నేర్పాలి

మాట వినే కుక్కను తయారుచేయడం గొప్ప పనేమీ కాదు. వినకూడని సమయంలో వినని కుక్కను తయారుచేయడమే అసలు విద్య. చూపు లేని మనిషి ‘పద’ అన్నప్పుడు చప్పుడు చేయని విద్యుత్ కారు ఎదురొస్తుంటే, దారి చూపే కుక్క కదలకూడదు. రెండోసారి విసుక్కుంటూ చెప్పినా కదలకూడదు. శిక్షకులు దీన్ని ‘తెలివైన అవిధేయత’ అంటారు.

కుక్క సిగ్నల్ చూసి రోడ్డు దాటిస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి కుక్క కంటికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదు. వాహనాల రొదను విని ఎప్పుడు దాటాలో తేల్చుకునేది మనిషే, వెళ్లాల్సిన దారి తెలిసి ఉండాల్సిందీ మనిషికే. గుంతలు, మెట్లు, అడ్డంకులు కుక్క వంతు. తన నెత్తికి అందనంత ఎత్తులో ఉన్న కొమ్మ యజమాని నుదుటికి తగులుతుందని గ్రహించి పక్కకు తప్పించడం మాత్రం, నా దృష్టిలో, ఈ చదువులోకెల్లా అబ్బురమైన పాఠం.

మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఇలాంటి కుక్కలకు బడి తెరిచారు. అమెరికాలో ‘సీయింగ్ ఐ’ సంస్థ 1929లో మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో వినికిడి లేనివారికి, చక్రాల కుర్చీ వాడేవారికి, ఆటిజం ఉన్న పిల్లలకు కూడా కుక్కలను సిద్ధం చేయసాగారు.

నేర్పే పద్ధతి అంతా చిన్న చిన్న ముక్కలే. తలుపు తెరవాలంటే ముందు తాడును నోట కరచుకుంటే చాలు, తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. తర్వాత లాగితేనే దొరుకుతుంది. ఆపైన ఆ తాడును తలుపు పిడికి కడతారు. వినికిడి లేనివారి కుక్క కాలింగ్ బెల్ మోగితే యజమానిని తట్టి తలుపు దగ్గరికి తీసుకెళ్తుంది. అగ్నిప్రమాద హెచ్చరిక మోగితే మాత్రం తట్టి, అక్కడే నేలపై పడుకుంటుంది. మంటల వైపు నడిపించకూడదు కదా!

పుట్టిన రెండు నెలలకు కుక్కపిల్లలను స్వచ్ఛంద కుటుంబాలకు అప్పగిస్తారు. అక్కడ ఏడాదికి పైగా పెరిగి, జనానికీ శబ్దాలకూ అలవాటు పడ్డాకే అసలు శిక్షణ. కొన్ని సంస్థల్లో దాదాపు సగం కుక్కలు చివరిదాకా నిలవవు. ఎందుకని? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు సీయింగ్ ఐలో 98 కుక్కపిల్లలను పరిశీలించి 2017లో ఒక విచిత్రమైన సంగతి చెప్పారు. తల్లి మరీ గారాబం చేసిన పిల్లలే ఎక్కువగా తప్పాయి. తల్లి నిలబడో కూర్చునో పాలు ఇస్తే, అందుకోవడానికి కాస్త కష్టపడ్డ పిల్లలు మెరుగ్గా నెగ్గాయి. చిన్ననాటి ఆ పెనుగులాటే ఓర్పు నేర్పిందా, తల్లి స్వభావమే వారసత్వంగా వచ్చిందా అన్నది ఆ పరిశీలన ఒక్కదానితో తేలే విషయం కాదు.

ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లలో లెక్క వేరు. అక్కడ జట్టులో ముగ్గురుంటారు. ఆజ్ఞలిచ్చేది అమ్మో నాన్నో, కుక్క తోడుండేది బిడ్డకు. కొన్ని చోట్ల బిడ్డ నడుముకూ కుక్కకూ మధ్య పట్టీ కడతారు. బిడ్డ ఉన్నట్టుండి రోడ్డు మీదికి పరుగు తీయబోతే కుక్క కాళ్లు తన్నిపెట్టి ఆగిపోతుంది. 2010లో కెనడా పరిశోధకులు అలాంటి 42 మంది పిల్లల లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను కొలిచారు. నిద్ర లేవగానే అది పెరగడం మామూలే. కుక్క రాకముందు 58 శాతం ఉన్న ఆ పెరుగుదల, కుక్క ఉన్న వారాల్లో 10 శాతానికి పడిపోయింది. కుక్కను తీసుకెళ్లాక మళ్లీ 48 శాతానికి చేరింది. అంకెలు ఆకట్టుకునేవే, అయినా అధ్యయనం చిన్నది. దాన్ని చూపి మందు దొరికిందనడం తొందరపాటు.

పైగా కుక్క వచ్చిందని ఇంటి చాకిరీ తగ్గదు. తిండి, నడక, పశువైద్యుడు, నేర్చినవి మరచిపోకుండా సాధన, అన్నీ చాలావరకు తల్లిదండ్రుల మీదే పడతాయి. అందుకే మంచి సంస్థలు కుక్కకు ఎంత నేర్పుతాయో కుటుంబాన్నీ అంత నిశితంగా పరీక్షిస్తాయి. వేళకు కుక్కను బయటికి తిప్పే మనిషి ఇంట్లో లేకపోతే, అవసరం ఎంతున్నా కాదనేస్తాయి.