ట్రాక్ మీద టైరు గాలి: వేడెక్కాక ఎంత ఉందన్నదే లెక్క

స్పోర్ట్స్ కారుని ట్రాక్ మీదకి తీసుకెళ్లేముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: టైర్లలో గాలి ఎంత పెట్టాలి? డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఒక అంకె ఉంటుంది కదా, అదే పెడితే సరిపోదా? సరిపోదు. అది కారు ఆగి, టైర్లు పూర్తిగా చల్లబడ్డాక కొలవాల్సిన ప్రెషర్, మామూలు రోడ్డు మీద బరువు, మైలేజీ, కుదుపులు అన్నీ చూసుకుని కంపెనీ నిర్ణయించింది. ట్రాక్ మీద నాలుగు ల్యాప్‌లు గట్టిగా తిప్పాక టైరు లోపల ఉండేది వేరే ప్రెషర్, మలుపులో మీ కారుని పట్టి ఉంచేది అదే.

ఎంత వేరు? ఉదయం 20 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) పెట్టారనుకోండి. గేజ్ చూపించేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువుందో అంతే, కాబట్టి అసలు పీడనం రావాలంటే దానికి 14.7 కలపాలి: 44.7. టైరు పెద్దగా సాగదు కాబట్టి పీడనం కెల్విన్ ఉష్ణోగ్రతతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. లోపలి గాలి 80 డిగ్రీలకు చేరితే 293 కెల్విన్ కాస్తా 353 అయింది, 44.7 కూడా సుమారు 53.9 అయింది, గేజ్ మీద 39. ఎవరూ గాలి కొట్టకుండానే 9 పీఎస్ఐ పెరిగిపోయింది! నైట్రోజన్ నింపితే ఇలా పెరగదని చాలామంది నమ్ముతారు గానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్, రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. తేడా తెచ్చేది తేమ. టైరులో నీటి చుక్కలుంటే అవి ఆవిరై ప్రెషర్ లెక్క తప్పిస్తాయి, అందుకే పొడి గాలైతే చాలు.

ఇంత వేడి ఎక్కడి నుంచి వస్తుందంటే, కొంత రోడ్డు మీద జారే రాపిడి నుంచి, కొంత బ్రేకుల నుంచి, మిగతాది రబ్బరు నుంచే. రబ్బరు నొక్కుకుని మళ్లీ లేచేటప్పుడు తీసుకున్న శక్తంతా తిరిగివ్వదు, కొంత వేడిగా మిగుల్చుకుంటుంది. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది, మలుపులో టైరు భుజం (రోడ్డుకి తగిలే భాగం పక్క గోడతో కలిసే అంచు) మీదకి ఒరిగిపోతుంది, స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ కారు స్పందించదు. గాలి ఎక్కువైతే ట్రెడ్ (రోడ్డుకి తగిలే పై పొర) నడిమి భాగం ఉబ్బి అంచులు రోడ్డుని సరిగా నొక్కవు, చిన్న గతుకుకే కారు పక్కకి జారుతుంది. గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందన్న మాట కొంతవరకే నిజం, ఆ హద్దు దాటాక తగ్గించే ప్రతి పీఎస్ఐ నష్టమే.

కాబట్టి వెనక నుంచి లెక్కేసుకోండి. రోడ్డు మీద కూడా వాడే స్పోర్ట్స్ టైర్లకి చాలామంది వేడిగా ఉన్నప్పుడు 32 నుంచి 36 మధ్య ఉండేలా చూసుకుంటారు, తేలిక కారుకి ఇంకొంచెం తక్కువ, బరువైనదానికి ఎక్కువ. టైరు కంపెనీ తనే ఒక అంకె చెబితే ముందు దాన్నే నమ్మండి. మొదటి సెషన్‌కి లక్ష్యం కంటే ఆరు పీఎస్ఐ తక్కువతో బయల్దేరి, మొదటి రెండు ల్యాప్‌లు నెమ్మదిగా నడపండి. ట్రాక్ దిగి లోపలికి రాగానే, టైర్లు చల్లబడకముందే కొలిచి, ఎక్కువున్నది దించేయండి. ఎండ ముదిరి మధ్యాహ్నానికి ట్రాక్ కాలిపోతుంటే మళ్లీ దించాల్సి వస్తుంది. ఎప్పుడూ ఒకే గేజ్ వాడండి, చూసిందల్లా రాసిపెట్టుకోండి.

నాలుగు టైర్లూ ఒకేలా వేడెక్కవు. గడియారం ముల్లు దిశలో తిరిగే ట్రాక్‌లో కుడి మలుపులే ఎక్కువ, బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. 2020 ఆగస్టులో సిల్వర్‌స్టోన్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసు బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో చివరి ల్యాప్‌లలో లూయిస్ హామిల్టన్, వాల్టేరి బొటాస్, కార్లోస్ సైన్జ్ అనే ముగ్గురు డ్రైవర్ల టైర్లూ దెబ్బతిన్నాయి, ముగ్గురిదీ ముందు ఎడమ టైరే! వారం తర్వాత అదే ట్రాక్ మీద రేసుకి టైర్లు అందించే కంపెనీ పిరెల్లీ కనీస ప్రెషర్ పెంచింది. మనకి దీని అర్థం, ఎక్కువ వేడెక్కే వైపు చల్లగా ఉన్నప్పుడే ఒకటి రెండు పీఎస్ఐ తక్కువ పెడితే వేడెక్కాక రెండు వైపులా సమానమవుతాయి.

గేజ్ తర్వాత నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే పరికరం టైరు వేడిని కొలిచే, సూదిలాంటి కొన ఉన్న పైరోమీటర్. ట్రెడ్ లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా గుచ్చి చూస్తే, అంచుల సగటు కంటే మధ్య వేడిగా ఉంటే గాలి ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. అది లేకపోతే టైరు భుజం మీద సుద్దతో గీత గీయండి, సెషన్ అయ్యాక ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంత ఒరుగుతోందో తెలిసిపోతుంది.

వాన పడితే లెక్క తిరగబడుతుంది. తడి ట్రాక్ మీద టైరు అంతగా వేడెక్కదు, అందుకని చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ గాలి పెట్టాలి. ఇంకో కారణం కూడా ఉంది. నాసా పరిశోధకులు 1963లో ఇచ్చిన సూత్రం ప్రకారం, నిలిచిన నీటి మీద అరిగిన టైరు తేలిపోయే వేగం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది: 36 పీఎస్ఐకి గంటకి సుమారు 100 కిలోమీటర్లు, 25కి సుమారు 83.

ఇక ఇంటికి బయల్దేరే ముందు మాట. 80 డిగ్రీల వేడిలో 34కి దించిన టైరు రాత్రికి 20 డిగ్రీలకు చల్లబడితే 26 కూడా చూపించదు. అలాగే హైవే ఎక్కి వేగంగా వెళ్తే టైరు పక్కలు అలలుగా ఊగి, వేడెక్కి, చివరికి చీలిపోవచ్చు. టైర్లు చల్లబడే దాకా ఆగి, స్టిక్కర్ మీద అంకెకి గాలి కొట్టించుకునే బయల్దేరండి.