పల్లీ ముందు తగిలేది నోటికా, చర్మానికా?

లండన్‌లో పనిచేసే పిల్లల అలర్జీ నిపుణుడు గిడియన్ లాక్ ఒకసారి ఇజ్రాయెల్‌లో ఉపన్యాసం ఇస్తూ, ఈ ఏడాదిలో పల్లీ అలర్జీ కేసు చూసినవాళ్లు చేతులెత్తండి అన్నారు. హాల్లో ఉన్న రెండు వందల మంది డాక్టర్లలో రెండు మూడు చేతులే లేచాయి. ఆయనకు ఇది వింతగా అనిపించింది. బ్రిటన్‌లో అదే మాట అడిగితే చేయి ఎత్తని డాక్టరు కోసం వెతుక్కోవాలి.

ఇది వంశాన్ని బట్టి వచ్చే తేడానా? అది తేల్చడానికి రెండు దేశాల్లోనూ యూదు పిల్లల్నే పోల్చి చూశారు. 2008లో వచ్చిన లెక్క ప్రకారం పల్లీ అలర్జీ బ్రిటన్‌లో 1.85 శాతం మందికి ఉంటే, ఇజ్రాయెల్‌లో 0.17 శాతానికే ఉంది. దాదాపు పది రెట్లు! కొట్టొచ్చినట్టు కనిపించే తేడా తిండిలో ఉంది. ఇజ్రాయెల్ పిల్లలు ఏడాది నిండకుండానే బాంబా అనే పల్లీ చిరుతిండి చప్పరిస్తారు. బ్రిటన్‌లో మాత్రం అలర్జీ చరిత్ర ఉన్న కుటుంబాల పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా పల్లీ పెట్టొద్దని 1998లో ప్రభుత్వమే చెప్పింది. 2000లో అమెరికా పిల్లల వైద్యులూ అదే మాట అన్నారు. మంచి ఉద్దేశంతో చెప్పిందే కానీ, దాని వెనక గట్టి రుజువు లేదు.

లాక్ బృందం రుజువు కోసం 4 నుంచి 11 నెలల వయసున్న 640 మంది పిల్లల్ని తీసుకుంది. అందరికీ తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, పగిలి దురదపెట్టే జబ్బు) గానీ, గుడ్డు అలర్జీ గానీ, రెండూ గానీ ఉన్నాయి. సగం మందికి పల్లీ పెట్టలేదు, మిగతా సగానికి వారం వారం తినిపించారు. అయిదేళ్లు వచ్చేసరికి తిననివాళ్లలో 17.2 శాతానికి అలర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 3.2 శాతానికే. 2015లో ఈ ఫలితాలు బయటికొచ్చాక, ఏళ్ల తరబడి తల్లిదండ్రులకు చెప్పిన సలహా తలకిందులైంది.

మరి తినని పిల్లలకు అలర్జీ ఎలా వచ్చింది? అసలు ఆసక్తికరమైన సంగతి ఇదే. బిడ్డ తినకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు తింటూనే ఉంటారు. పల్లీ ప్రొటీన్ దుమ్ములో, పరుపు మీద, పెద్దవాళ్ల చేతుల మీద ఉంటుంది. ఎగ్జిమాతో పగిలిన చర్మం గుండా లోపలికి వెళ్తే, రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా లెక్కేసి దాన్ని గుర్తుపట్టే ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. అవి మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలకు అంటుకుని కాచుకుంటాయి. తర్వాత ఎప్పుడో పల్లీ తింటే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దద్దుర్లు, వాపు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. అదే ప్రొటీన్ ముందు పేగులకు పరిచయమైతే శరీరం దాన్ని తిండిగానే చూడటం నేర్చుకుంటుంది. చర్మాన్ని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ జన్యువులో లోపాలు ఎగ్జిమాకు దారితీస్తాయని 2006లో తెలియడంతో ఈ వాదనకు బలం వచ్చింది. శిశువులకు పల్లీ నూనె ఉన్న క్రీములు రాయడానికీ పల్లీ అలర్జీకీ సంబంధం కనిపిస్తోందని లాక్ 2003లోనే రాశారు.

అలాగని రేపే బిడ్డ నోట్లో పల్లీలు వేయకండి. గింజ గొంతులో అడ్డుపడుతుంది. పెట్టాలంటే మెత్తటి పేస్టును పల్చగా కలిపి పెట్టాలి. తీవ్రమైన ఎగ్జిమాగానీ గుడ్డు అలర్జీగానీ ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి, ఒక్కోసారి టెస్టు అవసరమవుతుంది. ఇప్పటికే అలర్జీ ఉన్న బిడ్డకైతే ఈ పద్ధతి అసలు పనికిరాదు.